డాక్టరు ముహమ్మదు హమీదుల్లా : ఇస్లాము ధర్మశాస్త్రమునందలి రాజ్యాంతరధర్మము

హైదరాబాదు నగరమునందలి దాయిరతుల్ మఆరిఫ్ అను సంస్థ 1888 సంవత్సరమున స్థాపింపఁబడినది. ప్రాచీనములగు అరబ్బీ గ్రంథములను వ్రాఁతప్రతులనుండి పరిష్కరించి యచ్చొత్తించుట దాని పని. ఆ సంస్థ హిజరీ 1335 సంవత్సరమున, అనఁగా క్రీ. శ. 1916-17 ప్రాంతమున, సరఖ్సీ యను ధర్మశాస్త్రజ్ఞుఁడు రచించిన ‘షర్హుస్సియరిల్ కబీర్’ అను వ్యాఖ్యానమును ముద్రింప నారంభించి నాలుగు సంపుటములుగా వెలువరించెను. ఒక రాజ్యము వేఱొక రాజ్యముతో యుద్ధకాలమునను సంధికాలమునను ఎట్లు వర్తింపవలయును, శత్రుదేశపు వర్తకుఁడు వచ్చినచో నాతని సొమ్మునకు రక్ష యేమి, చెఱఁబట్టిన వారిని ఏమి చేయవలయును, ఇచ్చిన మాటను రాజు ఎప్పుడు మరలించుకొనవచ్చును అను విషయములన్నియు దీనియందు విచారింపఁబడినవి. తెలుఁగుదేశపు నడుమ నచ్చయిన యీ గ్రంథమును తెలుఁగు పండితులు ఎఱుఁగకపోవుట వింత గాదు. అది అరబ్బీ భాషలోనిది. కాని యీ గ్రంథమును చేతఁబట్టుకొని, రాజ్యాంతరధర్మము ఐరోపావారి సృష్టియే యను సిద్ధాంతమును ఐరోపాలోనే ప్రశ్నించిన పండితుఁడు సయితము ఆ నగరముననే పుట్టినవాఁడు. గ్రంథము అచ్చగుచుండిన నాఁడు ఆతఁడు ఎనిమిదేండ్ల బాలుఁడు.

ముహమ్మదు హమీదుల్లా 1908 ఫిబ్రవరి 19 తేదీన హైదరాబాదున జన్మించెను. ఈయన పూర్వులు నవాయతు వంశీయులు. మద్రాసునందు కర్ణాటక నవాబుల కాలమున విద్వాంసులుగాను, ఖాజీలుగాను ప్రసిద్ధి కెక్కినవారు. వారిలో బద్రుద్దౌలా యను బిరుదు గల ఖాజీ సిబ్‌గతుల్లా పెక్కు గ్రంథములు రచించెను. ఇట్టి కుటుంబమునందు ధర్మశాస్త్రము పుస్తకమునుండి గాక యింటనుండియే యబ్బును. బాలునకు మొదట దారుల్ ఉలూమునందును, పిదప జామియా నిజామియా యను అరబ్బీ విద్యాలయమునందును సంప్రదాయవిద్య జరిగినది. ఆ మీఁదట నీయన ఉస్మానియా విశ్వవిద్యాలయమునఁ జేరి ఎమ్. ఏ., ఎల్‌ఎల్. బి. పట్టములు పొందెను.

ఈ తుది చదువు ఈయన జీవితమునకు మలుపు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమునందు సర్వశాస్త్రములును ఉర్దూభాషలోనే బోధింపఁబడుచుండెను. రాజ్యమున నధికసంఖ్యాకుల భాషయైన తెలుఁగునకు ఆ పీఠమున బోధనభాషాస్థానము లభింపలేదన్న మాట మఱవరాదు. అయినను ఆ యేర్పాటువలన నొక విశేషఫలము కలిగినది. పాశ్చాత్యుల ధర్మశాస్త్రమును, ఫిఖ్హును ఒక విద్యార్థియే, ఒకే గోడలనడుమ, ఒకే భాషలో చదువవలసి వచ్చెను. ఐరోపా గ్రంథకర్తలు రాజ్యాంతరధర్మచరిత్రమును గ్రీకులతోను రోమనులతోను మొదలుపెట్టి, నడుమ వేయేండ్లు దాఁటివేసి, పదునేడవ శతాబ్దమునందలి గ్రోషియసునొద్దకు వచ్చుచుండిరి. రెండు శాస్త్రములును ఎఱిఁగిన హైదరాబాదు విద్యార్థికి ఆ వేయేండ్లు శూన్యముగాఁ గనఁబడలేదు. ఆ కాలపు గ్రంథములు తన యూరి ముద్రాలయముననే యచ్చుపడుచుండెను.

ఇచ్చట నా శాస్త్రస్వరూపమును గొంత చెప్పవలసియున్నది. మన ధర్మశాస్త్రమునకు శ్రుతి, స్మృతి, శిష్టాచారములు ప్రమాణములైనట్లే, సున్నీల ఫిఖ్హునకు ఖురాను, ప్రవక్త వాక్కులును నడవడియునైన సున్నతు, విద్వాంసుల యేకాభిప్రాయము, సాదృశ్యమునుబట్టి చేయు నూహ యనునవి ప్రమాణములు. సున్నీ శాఖలు నాలుగింటిలో హనఫీశాఖ అబూహనీఫా (699-767) పేరఁ బరఁగినది. ఆతని శిష్యుఁడైన ముహమ్మదు షైబానీ (మరణము 805) రాజ్యాంతరవిషయములపై ‘సియర్’ అను పేర రెండు గ్రంథములు రచించెను. సీరతనఁగా నడవడి, సియర్ దాని బహువచనము. అనఁగా నిది రాజు పరులయెడ నడచుకొనవలసిన తెఱఁగును దెలుపు శాస్త్రము. సిరియాదేశపు విద్వాంసుఁడు అవ్‌జాయీ చిన్న సియరును జూచి, ఇరాకువారికి ఈ విషయమున పరిచయ మెక్కడిదని తక్కువచేసి పలుకఁగా, షైబానీ పట్టుఁబట్టి పెద్ద సియరును రచించెననియు, దానిని బండిమీఁద నెక్కించి ఖలీఫా హారూను రషీదు నగరికిఁ బంపిరనియు సరఖ్సీ చెప్పియున్నాఁడు.

ఈ సరఖ్సీ కథ యంతకంటెను వింతయైనది. పదునొకండవ శతాబ్దమున ఫర్గానాసీమలోని ఉజ్‌గంద్ అను నూర నీతఁడు పాలకుని యాగ్రహమునకు గుఱియై పెక్కేండ్లు చెఱయందుండెను. ‘మబ్సూత్’ అను మహాగ్రంథమును, అచ్చులో ముప్పది సంపుటములైన దానిని, గోతిలోనుండి యీతఁడు చెప్పుచుండఁగా శిష్యులు పైనఁ గూర్చుండి వ్రాసికొనిరని ప్రసిద్ధి. సియరుపై వ్యాఖ్యానమును సయితము చెఱలో నారంభించి, విడుదలయైన పిదప మర్‌గీనాను నగరమున హిజరీ 480లో ముగించెను. షైబానీ మూలము వేఱుగా దొరకుటలేదు; సరఖ్సీ వ్యాఖ్యానమున మూలవాక్యమును వ్యాఖ్యయును పెనవైచికొని యున్నవి. విజ్ఞానేశ్వరుని మితాక్షరయందు యాజ్ఞవల్క్యుని శ్లోకము వేఱుగాఁ గనఁబడును. కేతన దానిని తెలిఁగించునపుడు ఏది మునివాక్యమో యేది వ్యాఖ్యాతృవాక్యమో తెలిసియే పనికిఁ బూనెను. సరఖ్సీని జదువువారికి ఆ సౌకర్యము లేదు.

ఈ గ్రంథములందలి ధర్మములు కొన్ని పరిశీలింపఁదగినవి. శత్రుదేశమునుండి వచ్చినవానికి అభయమిచ్చుట ‘అమాను’ అనఁబడును. దీనిని రాజే యియ్యవలయునను నియమము లేదు. సామాన్యుఁడైన ముస్లిము, స్త్రీ యైనను, ఇచ్చినచో నది రాజ్యమంతటిని గట్టివైచును. దాసుఁడిచ్చిన యభయము చెల్లునా యని వాదము పుట్టఁగా, యుద్ధము చేయుటకు యజమానుని యనుమతి గల దాసుఁడిచ్చినదే చెల్లునని అబూహనీఫా చెప్పెను. అట్టి భేదము లేక చెల్లునని శిష్యుఁడైన షైబానీ గురువుతో విభేదించెను. పరదేశపు వర్తకునియొద్ద సుంకమెంత గొనవలయుననఁగా, వాని దేశమున మనవర్తకునియొద్ద నెంత గొనుచున్నారో యంతయే గొనవలయునని హనఫీలు చెప్పుదురు. అభయము పొంది శత్రుదేశమునకుఁ బోయిన ముస్లిము అచ్చటివారి సొమ్మును వంచనచే హరింపరాదు. అది శత్రువు సొమ్మే యైనను, తానిచ్చిన మాట తనను బంధించును. యుద్ధమునకుఁ గూడ నియమముండవలయునను భావము మనకుఁ గ్రొత్త గాదు. మనువును కామందకుఁడును చెప్పినదే. అయినను న్యాయస్థానమునఁ దీర్పు చెప్పవలసిన ఖాజీకొఱకు, ఒక్కొక్క ప్రశ్నను విడఁదీసి, వ్యవహారరూపమున నింత విస్తారముగా వ్రాసిన గ్రంథములు ప్రాచీనలోకమున అరుదు.

హమీదుల్లా జర్మనీదేశమునకుఁ బోయి 1933లో బాను విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమునకై ఎన్నుకొన్న విషయము ఈ శాస్త్రమునందెల్ల మిగుల చిక్కైనది: ఇస్లాము రాజ్యాంతరధర్మమునందలి తటస్థత. ప్రపంచమును ఇస్లాముగృహము, యుద్ధగృహము నని రెండుగా విభజించిన శాస్త్రమునందు తటస్థునకుఁ జోటెక్కడిదని పలువురు పాశ్చాత్యుల ప్రశ్న. కౌటిల్యుని మండలములో మధ్యమోదాసీనులు ఉన్నారు. ఫిఖ్హు గ్రంథములలో నట్టి ప్రత్యేకాధ్యాయము లేదు. హమీదుల్లా యీ లోపమును ఒప్పుకొనుచునే వేఱొక దారిఁ బట్టెను. శాస్త్రకారులు అధ్యాయముగా వ్రాయనిది ఆచారమున లేకపోలేదని చూపవలయును. దానికి సంధిపత్రములే సాక్ష్యము. హిజరీ 2వ సంవత్సరమున ప్రవక్త దమ్రా తెగతోఁ జేసికొన్న యొడంబడిక, అబిస్సీనియాతో నడపిన మైత్రి, 652లో నూబియాతో జరిగిన సంధి మొదలగువానిని ఈయన కూర్చి చూపెను. ఖురానునందు యుద్ధమునుండి తొలఁగియుండువారిని సూచించు ‘ఇఅ్‌తిజాలు’ అను మాటయే ప్రాచీనకాలమునఁ దటస్థతకుఁ బేరని నిరూపింపఁ జూచెను.

వీనిలో నెల్ల సైప్రసు ద్వీపపు కథ రసవత్తరమైనది. ఏడవ శతాబ్దమధ్యమున ఆ ద్వీపవాసులు ముస్లిములకును, బైజాంటియపు రోమనులకును ఇరువురకును కప్పము కట్టునట్లును, ఇరువురి యుద్ధమునందును పాల్గొననట్లును సంధి జరిగినది. నూఱేండ్లు మీఱిన పిదప వారు సంధి తప్పిరని యనుమానించి, అబ్దుల్ మలికు ఇబ్ను సాలిహు అను పాలకుఁడు సంధిని రద్దుచేయవచ్చునాయని ప్రసిద్ధులైన ధర్మజ్ఞులకు లేఖలు వ్రాసి యడిగెను. మదీనానుండి మాలికు, ఈజిప్టునుండి లైసు మొదలగు వారు ప్రత్యుత్తరము లిచ్చిరి. మాలికు, ఆ సంధి ప్రాచీనమైనది, నేరము స్పష్టముగా ఋజువగు దనుక త్వరపడరాదని యభిప్రాయమిచ్చెను. మఱియొకఁడు, వారు రోమనులచేఁ బీడితులు, వారిని రక్షింపవలసినదే యని పలికెను. అందఱి మతమును ఒక్కటి గాదు. కఠినముగాఁ బలికినవారును గలరు. ఈ యుత్తరములు బలాజురీ, అబూ ఉబైదుల గ్రంథములలో నిలిచియున్నవి. సేనాబలము చేతనున్న పాలకుఁడు దుర్బలమైన యొక ద్వీపముపైఁ బడుటకు ముందు శాస్త్రజ్ఞుల నడుగవలసి వచ్చుటయే యిచ్చట విశేషము. సిద్ధాంతమునందు లేని తటస్థత లేఖ్యమునందుఁ గలదను హమీదుల్లా వాదమునకు ఇంతకంటె బలమైన యుదాహరణము లేదు.

ఈ లేఖ్యదృష్టియే ఈయన పరిశోధనమున కంతటికిని వెన్నెముక. 1935లో పారిసునందలి సార్బాను విద్యాపీఠమున రెండవ డాక్టరు పట్టమునకై, ప్రవక్తయొక్కయు మొదటి నలువురు ఖలీఫాలయొక్కయు కాలపు దౌత్యలేఖలను ఫ్రెంచి భాషలో సంపుటీకరించెను. వాని యరబ్బీ మూలములను మఱింత పెంచి 1941లో కైరోనగరమున ‘మజ్మూఅతుల్ వసాయిఖ్’ అను పేరఁ బ్రకటించెను. ఇందు సంధులు, పొరుగు రాజులకు వ్రాసిన లేఖలు, ఉద్యోగనియామకములు, భూదానములు, తెగలకిచ్చిన యభయపత్రములు చేరియున్నవి. తామ్రశాసనములయందును శిలాశాసనములయందును శ్రమపడిన మన చరిత్రపరిశోధకులకు ఈ పని స్వరూపము విప్పి చెప్పనక్కఱలేదు. దాత యెవఁడు, ప్రతిగ్రహీత యెవఁడు, ఎల్ల లేవి, సాక్షు లెవరు, వ్రాసినవాఁ డెవఁడు అని చూచుట రెంటను సమానము. ఒక్క భేదము గలదు. మన శాసనములు రాగిపైనను ఱాతిపైనను నిలిచినవి. ఆ లేఖలలో పెక్కింటికి మూలపత్రములు లేవు, పిదపటి చరిత్రకారులు ఎత్తివ్రాసిన పాఠములే గలవు. కావున ఒక్కొక్క లేఖకును పాఠాంతరములు సేకరించి, ఏ గ్రంథమున నెట్లున్నదో చూపుట హమీదుల్లా చేసిన మహోపకారము. ఆ సంపుటమును ముందిడుకొనక ఆ కాలపు చరిత్రమును వ్రాయఁబూనుట నేఁటికిని సాహసమే.

అయితే ప్రవక్త రాజులకుఁ బంపినవని చెప్పఁబడు కొన్ని తోలుపత్రములు పందొమ్మిదవ శతాబ్దమునుండి బయల్పడుచు వచ్చినవి. అవి మూలపత్రములే యని హమీదుల్లా పలుమాఱు వాదించి, 1980 దశాబ్దమున నా విషయమై ఫ్రెంచిలో నొక గ్రంథమే ప్రకటించెను. లిపిని, భాషను పరీక్షించిన పెక్కుమంది పండితులు దీనిని అంగీకరింపలేదు. పాఠములను తూఁచుటలో నంత జాగరూకుఁడైన యీయన, కంటికిఁ గనఁబడు తోలుముక్క విషయమునఁ గొంత సడలినట్లు తోఁచును.

1935 పిమ్మట స్వదేశమునకు మరలివచ్చి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున రాజ్యాంతరధర్మమును బోధించుచు నీయన దాదాపు పదేండ్లు గడపెను. హైదరాబాదునుండి 1927 మొదలు వెలువడుచుండిన ‘ఇస్లామిక్ కల్చర్’ అను త్రైమాసికపత్రిక ఈయన వ్యాసములకు వేదిక యయ్యెను. ‘ముస్లిమ్ కాండక్ట్ ఆఫ్ స్టేట్’ అను ప్రసిద్ధగ్రంథము ఆ పత్రికలోఁ బ్రకటితమై, పిదప లాహోరున పుస్తకరూపము దాల్చినది. శాంతి, యుద్ధము, తటస్థత యని విభాగములు చేసి, పాశ్చాత్య శాస్త్రక్రమమునందు హనఫీ విషయమును బొందుపఱచిన గ్రంథమిది. అబూహనీఫా తన శిష్యులతోఁ గూడి ధర్మశాస్త్రమును క్రోడీకరించిన విధమును గూర్చి ఉర్దూలో నొక చిన్న పుస్తకమును ఈ కాలముననే వ్రాసెను. ఫిఖ్హు రోమను న్యాయమునుండి పుట్టినదన్న గోల్డ్‌జిహరు మొదలగువారి మతమును ఈయన ఖండించెను. బద్రు, ఉహుదు మొదలగు యుద్ధభూములకుఁ దాను స్వయముగాఁ బోయి, నేలఁ గొలిచి, పటములు వ్రాసికొని రచించిన గ్రంథమును ఈ కోవలోనిదే. వ్రాఁతను నేలతో సరిచూచుట యందలి యుద్దేశము.

ఈ కాలపు రచనలలో మన పండితులకు విశేషాసక్తి గలిగింపఁదగినది మదీనా శాసనపత్రమును గూర్చినది. 622లో మక్కానుండి మదీనాకు వలసవచ్చిన ప్రవక్త, వలసవచ్చినవారికిని, స్థానికులైన యరబ్బు తెగలకును, యూదులకును గల సంబంధములను నిర్ణయించుచు నొక పత్రము వ్రాయించెను. ఇబ్ను ఇస్‌హాకు, అబూ ఉబైదుల గ్రంథములలో దాని పాఠము నిలిచినది. జర్మను పండితుఁడు వెల్‌హౌజను 1889లో దీని ప్రాచీనతను అంగీకరించి 47 విధులుగా విభజించెను. హమీదుల్లా వానిలోఁ గొన్నింటిని మరల విడఁదీసి సంఖ్యను 50 దాఁటించెను. తెగ తెగయు రక్తధనమును ఎట్లు చెల్లింపవలయును, చెఱపడినవారిని ఎట్లు విడిపింపవలయును, యూదుల మతము యూదులకు, ముస్లిముల మతము ముస్లిములకు, పురరక్షణవ్యయము ఎవరిది, వివాదము ఎవరియొద్దకుఁ బోవలయును – ఇవి దాని విషయములు.

ఇది ప్రపంచమున వ్రాఁతరూపమునఁ బుట్టిన మొదటి రాజ్యాంగమని హమీదుల్లా వాదము. ఆక్షేపణ యెచ్చటనుండి రాఁగలదో యీయన యెఱుఁగును. కావుననే మనుస్మృతిని, కౌటిల్యుని అర్థశాస్త్రమును, ఈజిప్టు పపైరసునుండి 1891లో వెలుఁగుచూచిన అరిస్టాటిలు రచనమైన ఏథెన్సు రాజ్యాంగమును దానే యెత్తుకొని, ఇవి రాజునకుఁ జెప్పిన యుపదేశములో, చరిత్రవర్ణనములో గాని, పాలకుఁడు ప్రజలపైఁ బ్రవర్తింపఁజేసిన శాసనములు గావని సమాధానము చెప్పెను. అర్థశాస్త్రవిషయమున నీ సమాధానమును ద్రోసిపుచ్చుట కష్టము. కౌటిల్యుఁడు శాస్త్రము వ్రాసెను, చంద్రగుప్తుఁడు దానిని శాసనముగాఁ బ్రకటించెనని చెప్పుటకు ఆధారము లేదు. కాని ‘మొదటి’ యను మాట నిలుచుట కష్టము. మదీనాపత్రము రాజ్యాంగమా, తెగలనడుమ నొడంబడికయా, ఒకే పత్రమా, కాలాంతరమున వ్రాసిన పెక్కింటి కూర్పా యనునది పండితులు నేఁటికిని తేల్పని విషయము. ఆ మాటను విడిచినను హమీదుల్లా చూపిన యంశము మిగిలియే యుండును: రక్తసంబంధము తప్ప వేఱు బంధ మెఱుఁగని తెగలు, వ్రాఁతపత్రమునకుఁ గట్టువడి యొక సమాజమగుటకు సమ్మతించినవి. ప్రథమత్వమునకై పెనఁగులాడుట ఆ కాలపు దేశభాషాపండితు లందఱికిని గల వ్యసనమే. మనవారును దానికి లోనుగానివారు గారు.

1948 ఆగస్టులో నిజాము ప్రభుత్వము భారతప్రభుత్వముతోఁ దనకుఁ గల వివాదమును ఐక్యరాజ్యసమితి భద్రతామండలి యెదుట నుంచెను. మొయిన్ నవాజ్ జంగు నాయకత్వమున వెడలిన ప్రతినిధివర్గమునందు హమీదుల్లా యొక సభ్యుఁడు. మండలి యప్పుడు పారిసునందు సమావేశమగుచుండెను. సెప్టెంబరు 13 తేదీన భారతసేనలు హైదరాబాదు రాజ్యమునఁ బ్రవేశించెను. 16 తేదీన మండలి విషయమును గైకొనెను. 17 తేదీన నిజాము లొంగిపోయెను. కొలఁది దినములకే ఫిర్యాదు మరలింపఁబడెను. హైదరాబాదు స్వతంత్రరాజ్యమా, సమితిలో సభ్యత్వము లేని దానికి ఫిర్యాదు చేయు నధికారము కలదా యను ప్రశ్న నిర్ణయము లేకయే నిలిచిపోయెను. తెలంగాణపు తెలుఁగువారిలో బహుజనులకు ఆ సెప్టెంబరు మాసము నిజాముపాలనమునుండియు, రజాకార్ల దౌర్జన్యమునుండియు విడుదల. ఆ దినములలోనే కొన్ని జిల్లాలయందు ముస్లిములు పెక్కుమంది ప్రాణములు గోలుపోయిరి. హమీదుల్లాకు అది స్వదేశము పోయిన దినము. వీనిలో నొకదానిని జెప్పుటకై మఱియొకదానిని దాఁచ నవసరము లేదు.

ఈయన హైదరాబాదునకు మరలిరాలేదు. మఱియే దేశపు పౌరత్వమును గైకొనలేదు. పాకిస్తాను రాజ్యాంగరచనకు సలహాలిచ్చుటకై ఆ తొలిదినములలోఁ బోయి కొంతకాలముండి, తిరిగి పారిసునకే వచ్చెను. శరణార్థిపత్రముతో తూర్నో వీథియందలి చిన్న గదిలో, అవివాహితుఁడై, పుస్తకములనడుమ నలువది యేండ్లకుఁ బైగా నివసించెను. అభయము పొందిన పరదేశి హక్కులను గూర్చి యౌవనమున వ్రాసినవాఁడు శేషజీవితమంతయు పరదేశిగానే గడపవలసివచ్చెను. ఈ విషయమై తన గ్రంథములలో మొఱపెట్టుకొన్నట్లు కనఁబడదు.

1954 మొదలు 1978 వఱకు ఫ్రాన్సుదేశపు జాతీయ పరిశోధనకేంద్రమున నీయన పనిచేసెను. నడుమ నడుమ టర్కీదేశపు విశ్వవిద్యాలయములలో బోధించుచుండెను. ఈ కాలమున నీయన పరిష్కరించిన గ్రంథముల పట్టిక పెద్దది: బలాజురీ ‘అన్సాబుల్ అష్రాఫ్’ మొదటి సంపుటము (కైరో, 1959), మన మీమాంసవలె వాక్యార్థనిర్ణయన్యాయములను జెప్పు అబుల్ హుసైను బస్రీ ‘ముఅ్‌తమద్’ (డమాస్కసు, 1964-65), ప్రవక్త చరిత్రలలోఁ బ్రాచీనమైన ఇబ్ను ఇస్‌హాకు గ్రంథమునందు మిగిలిన భాగములు (రబాతు, 1976). 1959లోనే ఖురానునకు ఫ్రెంచి యనువాదమును, ప్రవక్త జీవితమును గూర్చి రెండు సంపుటముల ఫ్రెంచి గ్రంథమును వెలువరించెను. ఆ యనువాదము పెక్కుమాఱులు పునర్ముద్రిత మయ్యెను.

వీనిలో నెల్ల పండితలోకమును గదల్చినది హమ్మాము ఇబ్ను మునబ్బిహు ‘సహీఫా’. ధర్మశాస్త్రమునకు రెండవ ప్రమాణమైన హదీసులు, అనఁగా ప్రవక్త వాక్కులు, రెండు మూఁడు శతాబ్దములు నోటనే నడచి, పిదప వ్రాయఁబడినవి, కావున నవి పిదపటి వాదములకై కల్పితములని గోల్డ్‌జిహరు మొదలగువారి మతము. హమ్మాము ప్రవక్త సహచరుఁడైన అబూ హురైరాకు శిష్యుఁడు. గురువునొద్ద విన్న 138 హదీసులను వ్రాసికొనెనని ప్రసిద్ధి. ఈ చిన్న పుస్తకపు వ్రాఁతప్రతులను బెర్లినునందును డమాస్కసునందును గనుఁగొని, సరిపోల్చి, హమీదుల్లా 1953లో డమాస్కసునఁ బ్రకటించెను. తొమ్మిదవ శతాబ్దమున అహ్మదు ఇబ్ను హంబలు కూర్చిన ‘ముస్నదు’లో నీ పుస్తకము దాదాపు పూర్తిగా నున్నది, పాఠములు సరిపోవుచున్నవి. కాఁబట్టి నడుమ నూఱేండ్లకుఁ బైగా మాట మాఱలేదని హమీదుల్లా సిద్ధాంతము.

ఈ వాదమును గొంత నిదానించి చూడవలయును. హమ్మామునొద్దనుండి మఅ్‌మరు, ఆతనినుండి అబ్దుర్రజ్జాకు (మరణము 827) ఈ పాఠమును బొందిరి. అహ్మదు ఆ అబ్దుర్రజ్జాకునకే శిష్యుఁడు. దొరకిన వ్రాఁతప్రతులును ఆ గురుపరంపరలోనివే. అవి హమ్మాము చేతివ్రాఁత గావు, చాల తరువాతివి. కావున రెండు పాఠములు నొకటియగుట, అబ్దుర్రజ్జాకు శిష్యులు గురువు మాటను తప్పకుండ నిలిపిరని దృఢముగా నిరూపించును. అంతకుఁ బూర్వపు రెండు మెట్లను పరంపరయందలి విశ్వాసముమీఁదనే యెక్కవలయును. అయినను హదీసులు వ్రాయుట మూఁడవ శతాబ్దమునఁ గాని యారంభము కాలేదను సులభవాక్యము ఈ ప్రకటనము తరువాత నిలువఁజాలదయ్యెను. చిన్న యుపాధ్యాయుఁడు తన శిష్యునకు వ్రాసియిచ్చిన పుస్తకము పెద్ద సంహితలోఁ గరఁగిపోయినను గుర్తింపవచ్చునని చూపుట సామాన్యమైన విషయము గాదు. మన స్మృతిగ్రంథములలోను పురాణములలోను ఇట్టి లేఁతపొరలను వెదకఁదలఁచినవారికి ఈ పద్ధతి మాతృక కాఁదగును.

1980 మార్చిలో పాకిస్తానునందలి బహావల్‌పూరు ఇస్లామియా విశ్వవిద్యాలయమున నీయన ఉర్దూలోఁ బండ్రెండు ఉపన్యాసము లిచ్చెను. ఖురాను, హదీసు, ఫిఖ్హు, రాజ్యాంతరధర్మము, పాలనము మొదలగునవి వాని విషయములు. శాస్త్రగ్రంథములలోఁ గొంత బిగువుగా నుండు నీయన వచనము ఇచ్చట సడలి, శ్రోతలు వేసిన చిక్కుప్రశ్నలకుఁ గూడ ఓర్పుతో సమాధానము చెప్పుచు సాగినది. ఈయన రచనలు చదువఁబూనిన క్రొత్తవారికి మొదట ఈ పుస్తకమే సులభము. 1985లో పాకిస్తాను ప్రభుత్వము హిలాలె ఇంతియాజు అను గౌరవము నొసఁగఁగా, దానితో వచ్చిన ధనమును ఇస్లామాబాదునందలి ఇస్లామీయ పరిశోధనసంస్థకు దానముచేసెను.

సరఖ్సీ వ్యాఖ్యానసహితమైన పెద్ద సియరునకు ఈయన చేసిన ఫ్రెంచి యనువాదము 1989-91 నడుమ అంకారానగరమున నాలుగు సంపుటములుగా వెలువడినది. హైదరాబాదు ముద్రణమునకును దీనికిని నడుమ డెబ్బది యేండ్లు గడచినవి. 1966లో మజీదు ఖద్దూరీ ఇంగ్లీషున నందించినది షైబానీ వేఱొక గ్రంథమునందలి సియరు భాగము మాత్రమే; పెద్ద సియరును ఐరోపా భాషలోఁ బూర్తిగాఁ జదువఁగోరువారికి హమీదుల్లా సంపుటములే శరణ్యము.

ఆరోగ్యము చెడినందున 1996లో నీయనను బంధువులు అమెరికాకుఁ దీసికొనిపోయిరి. 2002 డిసెంబరు 17 తేదీన ఫ్లారిడా రాష్ట్రమునందలి జాక్సన్‌విల్లు నగరమున ముహమ్మదు హమీదుల్లా మరణించెను. అప్పటికి ఈయన వయస్సు తొంబది నాలుగేండ్లు.